రెండు గోడల మీద ఒకే చెయ్యి

అనగా అనగా, చెప్పుకుంటూ పోతే ఎక్కడో సముద్రం పక్కన, ఒక ఉప్పు రాజ్యం ఉండేది.

అక్కడ అందరిదీ ఉప్పు పనే. మడుల్లోకి సముద్రపు నీరు పెట్టాలి, ఎండనివ్వాలి, తేలిన ఉప్పు కుప్ప చెయ్యాలి. ఆ కుప్పలో సగం రాజుగారిది. బిడ్డ ఉన్న ఇంటికి మాత్రం పన్ను తగ్గేది. తినే నోరు ఒకటుంది కదా అని.

ఏ ఇంట్లో బిడ్డ ఉందో రాజుగారికి ఎలా తెలుస్తుంది? అందుకొక ఆచారం పెట్టారు. ఏటా ఎండలు ముదరకముందు బిడ్డ అరచేతిని తడి సున్నంలో ముంచి, గుమ్మం పక్కన గోడకు అద్దాలి. పన్ను వసూలు చేసే సుంకరి వచ్చి, ఆ చెయ్యి చూసి తగ్గిస్తాడు.

ఆ రాజ్యంలో నూకాలు అని ఒకావిడ. ఆమెకు పైడి ఒక్కతే కూతురు. మొగుడు గవరయ్య వేరుపడి, ఏటి అవతలి పేటలో తల్లి దగ్గర ఉంటున్నాడు. పైడి పండగకి అక్కడికి వెళ్ళి వస్తుంది. నూకాలు గోడ మీద ఏటికేడు ఒక చెయ్యి పక్కన ఇంకో చెయ్యి చేరుతూ ఉండేది.

ఆ ఏడు కొత్త సుంకరి వచ్చి గోడ ముందు ఆగిపోయాడు. చిటికెన వేలు వంకరగా ఉన్న చెయ్యి. పసితనంలో పడవ కింద పడి నలిగిన వేలు అది.

“ఇదే చెయ్యి గవరయ్య గోడ మీద కూడా ఉందమ్మా.”

“అక్కడ కూడానా?”

“ఒక బిడ్డకి రెండిళ్ళలో తగ్గింపు ఉండదు. తేలేదాకా ఇద్దరికీ లేదు. పున్నమిలోగా తేల్చుకోండి. లేదంటే నిండు పన్ను. కట్టకపోతే మడి రాజుగారిది.”

నూకాలుకున్నది ఒక్కటే మడి. అది పోతే పొయ్యి వెలగదు.

ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళింది. అప్పటికే గవరయ్య, అతని తల్లి సింహాలమ్మ అక్కడ కూర్చుని ఉన్నారు.

“నా రక్తం కాదా బాబూ?” అన్నాడు గవరయ్య.

“ఈవిడ పాకకి గోడ లేవకముందే మా గోడ మీద ఆ చెయ్యి ఉంది. ఇప్పుడొచ్చి నాది నాది అంటే ఎలా?” అంది సింహాలమ్మ.

ఊరిపెద్ద తల ఊపాడు. “ముందు ఎవరు అద్దితే వారిదే.”

నూకాలు పూజారి దగ్గరికి వెళ్ళింది. “ఇంటిపేరు ఎవరిదైతే బిడ్డ వారిది తల్లీ,” అన్నాడాయన.

రేవు అధికారి దగ్గరికి వెళ్ళింది. “అదేం కాదు. ఎవరింట ఎక్కువ కాలం ఉంటే వారిది,” అన్నాడతను.

“అయితే నాదేగా?”

“సాక్ష్యం ఎవరు?”

పడవవాణ్ణి అడిగింది. “పిల్లని ఎక్కించుకోవడం గుర్తుంది నూకాలమ్మా, దించడం గుర్తులేదు,” అన్నాడు. పొరుగింటి అచ్చియ్యమ్మని అడిగింది. అచ్చియ్యమ్మ పకపకా నవ్వింది. “పొద్దస్తమానం మా ఇంట్లోనే కదే తింటుంది! అలాగైతే తగ్గింపు నాకే రావాలి.”

ఒకరు చెప్పింది ఒకరు కాదన్నారు. ఏది నిజమో నూకాలుకు తెలియలేదు. తను కన్నదీ, పెంచిందీ కూడా ఎవరో చెప్పిన మాటలాగే అనిపించసాగింది.

“అమ్మా, నేను ఎవరి లెక్క?” అని అడిగింది పైడి.

“కాళ్ళు కడుక్కుని రా,” అంది నూకాలు.

పున్నమి నాటికి రాజుగారి తీర్పరి వచ్చాడు. ముసలివాడు. అందరి మాటా విన్నాడు. ముందు అద్దింది మేమన్నారు, ఇంటిపేరన్నారు, రక్తమన్నారు. ఆయనకూ తికమకగానే ఉంది.

“నువ్వేమంటావమ్మా?”

“నాకేమీ అర్థం కావడం లేదు బాబూ,” అంది నూకాలు. “ఆ గోడ ఒక్కసారి చూస్తాను.”

అందరూ పడవెక్కి ఏరు దాటారు.

గవరయ్య గోడ మీద చెయ్యి తెల్లగా మెరుస్తోంది. నూకాలు దగ్గరికి వెళ్ళింది. వంకర వేలిని తడిమింది.

“ఇది నా పిల్ల చెయ్యే.”

సింహాలమ్మ చప్పట్లు చరిచింది. “విన్నారా బాబూ! తన నోటితోనే ఒప్పుకుంది!”

“కానీ ఇది పాలపళ్ళు ఊడకముందటి చెయ్యి,” అంది నూకాలు.

తీర్పరి పైడిని పిలిచాడు. “నీ చెయ్యి దీని మీద పెట్టు తల్లీ.”

పైడి పెట్టింది. తెల్లటి చెయ్యి మొత్తం పైడి చేతి కింద దాగిపోయింది. వేళ్ళు ఒక కణుపు బయటికే ఉన్నాయి.

“ఏటా అద్దించావా గవరయ్యా?”

“ఏటా సున్నం పూశాను బాబూ. అంచు చెరగకుండా, దాని మీదే.”

“పండక్కి వచ్చినప్పుడు పిల్లని పిలిచి అద్దించలేదా?”

“చెయ్యి అదే కదా అనుకున్నాను,” అన్నాడు గవరయ్య.



తీర్పరికి తికమక తీరింది. “ఏడాదికో చెయ్యి ఉన్న గోడకే తగ్గింపు. మడి నూకాలుదే. గవరయ్య నిండు పన్ను కట్టాలి. ఈ చెయ్యి గీకెయ్యాలి.”

గవరయ్య ఆల్చిప్ప తీసుకుని గోడ దగ్గరికి వచ్చాడు. గోడనీ, కూతురినీ మార్చి మార్చి చూశాడు.

“ఇంత పెద్దదయిందా?” అన్నాడు.

అప్పుడు నూకాలు అంది. “గీకించకండి బాబూ. లెక్కలోకి తీసుకోకండి, చాలు. అదీ పైడి చెయ్యే.”

తీర్పరి సరేనన్నాడు.

మరుసటి పండక్కి పైడి ఏరు దాటి వెళ్ళింది. గవరయ్య ఆ ఏడు సున్నం తడపలేదు. కూతురిని గుమ్మంలో నిలబెట్టి, తన భుజానికి ఎంతవరకూ వచ్చిందో చూసుకున్నాడు.

సున్నం పూస్తే గోడ మీది చెయ్యి నిలుస్తుంది, అన్నం పెడితే బిడ్డ ఎదుగుతుంది. ఆ ఎదుగుదల ఎరిగినవారిదే బిడ్డ లెక్క.