రెండో బంతి

సన్యాసయ్యగారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. పేరు సన్యాసయ్యే గాని, ఇల్లూ వాకిలీ ఉన్న సంసారి. నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళకు వంటలు చేసి, గరిటె పక్కన పెట్టాక మాలాంటి పదిమందికి గురువయ్యారు. ఆత్మ అంటే ఏమిటని నేనడిగిన రోజున నాచేత బుట్టెడు చింతపండుకు గింజలు తీయించారు. ఆ కోపం నాకింకా పోలేదు.

మా మునిసిపాలిటీ చైర్‌పర్సన్ వరూధినిగారు కూడా ఆయన శిష్యురాలే. మొన్న వేసవిలో ఒక ఫైలు పట్టుకుని వచ్చారు. ఊరు ఇష్టమొచ్చినట్టు పెరిగిపోయి, తాగునీళ్ళు రెండు రోజులకొకసారి వస్తున్నాయి. అందుకని అధికారులు ఒక ప్లాను గీశారు. తూర్పు పొలాల వైపు కొత్త పైపులైను పడేదాకా ఇళ్ళు కట్టకూడదు. మిగతా చోట్ల ఏడాదికి రెండొందల ఇళ్ళకే అనుమతి. తక్కినవాళ్ళు వరసలో ఆగాలి. సోమవారం కౌన్సిల్లో తేల్చాలి. ఆవిడకేమో మనసొప్పడం లేదు.

“మా వీధిలో ఇస్త్రీబండి సూరప్పడు పన్నెండేళ్ళుగా అద్దె రేకుల షెడ్డులో ఉంటున్నాడండీ. తూర్పున ఎనభై గజాలు కొనుక్కున్నాడు. వానలు పడేలోగా గోడలు లేపుకుంటానని రోజూ నా గుమ్మంలోకి వస్తున్నాడు. ఇల్లు కట్టుకుంటానన్నవాణ్ణి ఆగమనడానికి నేనెవర్ని గురువుగారూ? ఈ రూలు కొట్టేయిద్దామనుకుంటున్నాను.”

ఆయన ఫైలు వంక చూడనైనా చూడలేదు. “రేపు ఆరాధన కదమ్మా. భోజనాల దగ్గర తలుపు నువ్వు చూసుకో” అన్నారు. చింతపండు కన్నా నయమే అనుకున్నాను నేను.

ఆరాధన అంటే ఆయన తన గురువు పేరిట ఏటా పెట్టే భోజనం. ఎవరైనా రావచ్చు. మేం భోజనాలు పెట్టే షెడ్డులో నాలుగు వరసలు, నూట ఇరవై ఆకులు. వరసల మధ్య బకెట్టు పట్టుకుని నడిచేంత సందు వదులుతాం. ఒక బంతి లేచి, ఆకులెత్తి, నేల తుడిచాకే రెండో బంతిని పిలవాలి. ఇది మాకు కొత్త కాదు.

మొదటి బంతి కూర్చుంది. బయట ఇంకో వందమంది ఎండలో నిలబడ్డారు. అందులో ముసలమ్మలున్నారు, చంటిపిల్లల తల్లులున్నారు, కూతురి చెయ్యి పట్టుకుని సూరప్పడూ ఉన్నాడు. వరూధినిగారు కాసేపు ఓర్చుకున్నారు. తర్వాత, “అయ్యో, ఇంత జాగా ఉండగా వీళ్ళని ఎండలో నిలబెట్టడమేమిటి!” అంటూ తలుపు బార్లా తీసి, వరసల మధ్య సందుల్లో ఆకులు వేయించేశారు. సూరప్పణ్ణి, వాడి కూతుర్నీ తనే చెయ్యి పట్టుకుని నడిమి సందులో కూర్చోబెట్టారు. జనం ఆవిణ్ణి మెచ్చుకున్నారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

నేను అన్నం బకెట్టుతో గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయాను. కాలు పెట్టే చోటు లేదు! తలుపు పక్కనున్నవాళ్ళకు మూడుసార్లు వడ్డించాను. లోపలివాళ్ళకు ముందే వేసిన ఉప్పూ ఆవకాయా తప్ప ఏమీ అందలేదు. చేతుల మీదుగా పప్పు గిన్నె పంపిస్తే అది దారిలోనే ఒకాయన పంచె మీద ఒలికింది. మధ్య వరసలోంచి ఒక ముసలావిడ గొంతెత్తి, “ఏం నాయనా, ఆకు చూపించడానికా మమ్మల్ని పిలిచేరు?” అంది. తలుపు పక్కన గోడవార ముందే కూర్చుని కడుపునిండా తిన్న ఒక పెద్దమనిషి తేన్చి, “ఇంకెంతమందినమ్మా, తలుపు మూసేయరాదూ” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వంటశాలలోంచి సన్యాసయ్యగారు వచ్చారు. ఒక్కమాటు కలయజూశారు.

“సందుల్లో ఉన్నవాళ్ళని లేపాలమ్మా.”

వరూధినిగారు తెల్లబోయారు. “విస్తరి ముందు కూర్చున్నవాళ్ళని లేపడమా? ఎంత అవమానం గురువుగారూ!”

“అవమానమే. కూర్చోబెట్టింది నువ్వేగా, లేపడం కూడా నువ్వే.”

ఆవిడ ఒక్కొక్కరి ముందూ వంగి చేతులు జోడించారు. తర్వాత సూరప్పడి దగ్గరికి వచ్చారు. వాడే అర్థం చేసుకుని కూతుర్ని ఎత్తుకున్నాడు. ఆ పిల్ల ఖాళీ ఆకు వంక చూస్తూ ఏడుపు లంకించుకుంది. వరూధినిగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయారు.

బయటికి వచ్చినవాళ్ళను సన్యాసయ్యగారు వంటశాల పక్క నీడలోకి పిలుచుకెళ్ళి, రెండో గుండిగ మూత తీసి చూపించారు. నీళ్ళు తెర్లుతున్నాయి. వాళ్ళ కళ్ళముందే బియ్యం పోశారు. “అరగంట పడుతుంది. ఈలోగా మజ్జిగ తాగండి” అన్నారు.

సూరప్పడు గుండిగ వంక చూసి, వరూధినిగారి వంక చూశాడు. “ఈ సంగతి ముందలే చెప్తే ఎండలోనైనా నిలబడేవోళ్ళం కదమ్మా” అన్నాడు. కోపంగా అనలేదు. అరగంటకు రెండో బంతి కూర్చుంది. పిల్లకు పొగలు కక్కే అన్నం నేనే వడ్డించాను. ఏడుపు మరిచిపోయి రెండుసార్లు పెట్టించుకుంది.

సాయంత్రం గుండిగలు తోమడం కూడా వరూధినిగారికే పడింది. ఆవిడ చేతులు మసి. ఫైలు కిటికీలో ఉంది.

“తూర్పు పైపులైనుకు ఇంకా టెండరే పిలవలేదండీ” అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు.

ఇంకో గుండిగ ముందుకు లాక్కుని, “సోమవారం సూరప్పడు మళ్ళీ వస్తాడు. వాడికి ఏం చెప్పమంటారు?” అని అడిగారు.

ఆయన గుండిగ తిరగేసి, నీళ్ళు ఓడ్చి, గోడకు ఆనించారు.

“ఆగమనే చెప్పు తల్లీ. కాకపోతే, ముందు పొయ్యి మీద ఎసరెక్కించి, అప్పుడు చెప్పు.”