కుడిచేతి నడక

కూర్మనాథం గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. అడిగినవాళ్ళకే ఏదో ఒక పని అప్పజెప్పి కూర్చోబెడతారు. శ్రీకాకుళంలో ఆయన దగ్గర పాట నేర్చుకున్నవాళ్ళందరికీ ఇది అనుభవమే. అది తెలిసి కూడా వకుళ ఆ ఉదయం అడిగేసింది. అడగక ఏం చేస్తుంది పాపం, సభ అయిన దగ్గర్నుంచీ అన్నం సహించడం లేదాయె!

జరిగింది ఇదీ. విశాఖ సభలో వకుళ కల్యాణి రాగంలో స్వరకల్పన చేస్తుంటే జనం ఊగిపోయారు. అప్పటికప్పుడు పుట్టే స్వరాలంటే ఇవీ అంటూ పెద్ద విద్వాంసుడొకాయన వేదికెక్కి శాలువా కప్పాడు. నిజానికి అందులో అప్పటికప్పుడు పుట్టింది ఒక్కటీ లేదు. అన్నీ ఇంట్లో బట్టీ పట్టినవే. వకుళకి తల కొట్టేసినట్టయింది. అయినా నోరు మెదపకుండా, నమస్కారం పెట్టి మరీ వచ్చింది.

అదంతా చెప్పి, "మనది కాని మెప్పు మనకొస్తే ఏం చెయ్యాలండీ గురువుగారూ?" అంది, తలెత్తకుండా.

"పల్లవి అందుకో" అని ఆయన తొడమీద తాళం మొదలుపెట్టారు. ఆ కుడిచేతికి వాచీలాంటి నల్లటి పట్టీ ఉంది. పేగు కేన్సర్‌కి ఆపరేషన్ చేసి ఇంటికి పంపుతూ, రోజూ ఎంత నడుస్తున్నారో తెలియాలని ఆస్పత్రివాళ్ళు కట్టారు. ఎడమచెయ్యి సెలైన్ సూదులకి వాచి ఉండటంతో కుడిచేతికి కట్టాల్సి వచ్చింది. అడుగుల లెక్క దానంతటదే ఆస్పత్రికి చేరుతుంది.

పాట మధ్యలో ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి నర్సు ప్రమీల. ఆయన స్పీకర్ పెట్టారు.

"మాస్టారూ, మీ అంత బాగా నడిచేవాళ్ళు మాకెవరూ లేరండీ! బలం పుంజుకున్నారు, సోమవారమే కీమో మొదలెడదామంటున్నారు డాక్టరుగారు."

వకుళ సంతోషించబోయి ఆగిపోయింది. నడకేమిటి? ఆపరేషన్ అయ్యాక ఆయన గడప దాటిందే లేదు. పొట్ట పక్కన మలం పడేందుకు సంచి అమర్చారు. నలుగురిలో అది చప్పుడు చేస్తుందేమో, వాసన వస్తుందేమో అని ఆయనకి చచ్చేంత సిగ్గు. ఆమె చూపు తాళం వేసే చేతిమీద పడింది. అయ్యో, ఈ దెబ్బలనా అది అడుగులనుకుంటున్నది! బలం లేని ఈ ఒంట్లో అంత మందు పడితే మనిషి దక్కుతాడా?

కూర్మనాథం గారి మొహం కందిపోయింది.

"అమ్మా ప్రమీలా, ఆ నడక నా కాళ్ళది కాదు, తాళం వేసే చేతిది. ఆ సంగతి నాకెప్పుడో తెలుసు. నువ్వు మెచ్చుకుంటుంటే బాగుండి ఊరుకున్నాను. డాక్టరుగారికి చెప్పు తల్లీ."

"ఎంత పని చేశారండీ!" అంది ప్రమీల. "ముందు ఆ పట్టీ ఎడమచేతికి మార్చండి. నాలుగడుగులైనా వెయ్యండి. మందు సంగతి డాక్టరుగారు మిమ్మల్ని చూశాకే."

ఆయన వాపు తగ్గిన ఎడమచేతికి పట్టీ మార్చుకుని, కండువా పొట్టకి అడ్డంగా కప్పుకుని లేచారు. వీధి గుమ్మం దగ్గర కాసేపు ఆగిపోయి, ఆ తర్వాత గడప దాటారు. వకుళ వెనకే వెళ్ళింది.

"నేనూ ఆ విద్వాంసుడిగారికి చెప్పేస్తానండీ. కానీ అందరూ నవ్వరా?"

అప్పుడే సంచి గట్టిగా చప్పుడు చేసింది. ఎదురింటి అరుగుమీద ఇద్దరు తలతిప్పి చూశారు. ఒకతను నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నవ్వుతారమ్మా" అన్నారాయన, రెండో అడుగు వేస్తూ. "చెయ్యి పట్టుకో."