చుట్టపొగ దారి చూపిన కొమ్మలలోవ

పూర్వం, తూర్పు కనుమలను ఒరుసుకుంటూ సముద్రాభిముఖంగా పారే నందేటి లోయలో, ఏరు మలుపు తిరిగే చోట పెదలోవ అనే చిన్న పల్లె ఒకటి ఉండేది. నేడు కొమ్మలలోవ అని నలుగురూ చెప్పుకొనే గ్రామం అదే. ఆ నామం ఎలా సంక్రమించిందో, అక్కడి తల్లి మహిమ ఎట్టిదో వినగోరి వచ్చారు గనుక సవిస్తరంగానే చెబుతాను. అయితే ముందే ఒక మాట. ఈ గాథలో మహారాజులు లేరు, మునీశ్వరులు లేరు, చుట్ట కాల్చే ఒక అత్తగారు మాత్రం ఉన్నది. ముక్కు మూసుకోకుండా వినగలిగినవారు వినండి.

ఆ పల్లెకు రహదారి అంటూ ఉండేది కాదు. ఉన్నవన్నీ కాలిబాటలే. పోడు చేలకు ఒక బాట, విస్తరాకులు దొరికే లోయలోనికి ఒక బాట, ఏటి రేవుకు ఒకటి, సంతకు పోయే కొండదారి ఇంకొకటి, ఇలా ఎన్నెన్నో బాటలు ఊరి వెలుపల ఒక నల్లని చదునురాతి వద్ద కలిసేవి. ఉదయం పూట మంచు దిగితే ఆ కూడలిలో నిలిచినవారికి తమ చేయి తమకే కనబడేది కాదు. అందువల్ల పూర్వులు ఒక కట్టుబాటు పెట్టారు. ఏ బాట పట్టేవారైనా ఒక పచ్చికొమ్మ విరిచి, దాని కొస తాము పోయే వైపుకు ఉండేటట్టు ఆ బాట మొదట్లో పెట్టి సాగిపోవాలి. వెనక వచ్చే తమవారు దానిని చూసుకొని నడుస్తారు. సాయంకాలం మరలి వచ్చేటప్పుడు అందరికన్నా వెనక వచ్చిన మనిషి ఆ కొమ్మను ఎత్తి అవతల పడవేయాలి. మనిషి ఇల్లు చేరిన తరువాత కూడా కొమ్మ అక్కడే ఉంటే అది లేని మనిషిని ఉన్నట్టు చెబుతుంది గదా! కొమ్మ వేయడం మరచినవారిని ఊరు క్షమించేది గాని, ఎత్తడం మరచినవారిని మాత్రం చెడామడా తిట్టిపోసేది.

ఆ ఊరిలో దాలమ్మ అనే వితంతువు ఉండేది. ఆమెకు ఒక్కడే కొడుకు, జోగన్న. కాయకష్టం చేసి పెంచింది, వాడు చేతికందాడు. దాలమ్మకు మాట కరుకు, మనసు మెత్తన, నోట ఎప్పుడూ అడ్డచుట్ట. అంటే నిప్పున్న కొస నోటిలోపల, చల్లని కొస బయట! చూసినవారికి గుండె గుభేలుమంటుంది గాని ఆ ప్రాంతపు ఆడవారికి అది ఊపిరి తీసుకున్నంత మామూలు. జోగన్నకు సముద్రపుటొడ్డు పల్లె నుంచి సూరీడమ్మ అనే పిల్లను చేసుకొన్నారు. కొండ ఎరుగని పిల్ల, అలల హోరు తప్ప మరో హోరు వినని పిల్ల. కోడలు ఇంట అడుగుపెట్టిన నాటి నుంచి దాలమ్మ ఆమెను పేరు పెట్టి పిలిచి ఎరుగదు. ‘నా గుంట’ అనేది, అంటే నా పిల్ల అని. తన పాత చీర మడిచి ఆ పిల్లకు తలగడ చేసింది, చోడిపిండి అంబలిలో మీగడ ఆమెకే వేసేది.

ఇంతలో సూరీడమ్మ నెల తప్పింది. దాలమ్మ ఆనందానికి పట్టపగ్గాలు లేకపోయాయి గాని, ఆ ఆనందంతో పాటే ఒక చిక్కు వచ్చిపడింది. వేవిళ్ళ పిల్లకు చుట్టపొగ సోకితే చాలు, కడుపులో దేవి భళ్ళున వాంతి. పాపం, ఆ పిల్ల నోరు తెరిచి ఒక్కమాట అనలేదు. అత్త వచ్చినప్పుడల్లా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని అవతలికి జరిగేది. దాలమ్మ అది కనిపెట్టింది. కడుపులో బిడ్డ వల్లనని ఆమెకు తెలియకపోలేదు, తానూ ఒక బిడ్డను కన్నదే గదా. అయినా మనసు చివుక్కుమన్నది. ఇన్నాళ్ళూ తన పక్కన కూర్చున్న పిల్ల నేడు దూరం జరిగితే ఎవరికైనా నొప్పిగానే ఉంటుంది.

జోగన్న ఉప్పు తేవడానికి కావడి ఎత్తుకొని సముద్రతీరానికి వెళ్ళిన రోజులవి. ఒకనాడు అత్తాకోడళ్ళు లోయబాట పట్టి విస్తరాకులకు వెళ్ళారు. దాలమ్మ బాట మొదట్లో నేరేడు కొమ్మ వేసింది. మరలి వచ్చేటప్పుడు దాలమ్మ ముందు, పొగ తగలనంత ఎడంగా సూరీడమ్మ వెనక. ముందు నడిచే మనిషి అలకతో వెనుదిరిగి చూడలేదు. కూడలి దాటింది, ఇల్లు చేరింది. వెనక వచ్చిన పిల్ల కొమ్మను చూసింది గాని ఎత్తాలని ఆమెకు తెలియదు. మీగడ ఎవరికి వేయాలో తెలిసిన ఆ అత్తగారు, కొమ్మ ఎవరు ఎత్తాలో చెప్పడం మరచిపోయింది!

మరునాటి ఉదయం మంచు దట్టంగా కురుస్తున్నది. దాలమ్మ కోడలిని పడుకోమని చెప్పి ఒంటరిగా పోడుచేనికి బయలుదేరింది. తన వెనక వచ్చేవారెవరున్నారు అనే నిష్ఠూరంతో ఆనాడు కొమ్మ వేయలేదు, లోయబాట వైపు చూడనైనా లేదు. ఇంటి వద్ద సూరీడమ్మకు మనసు నిలవలేదు. అత్త ఏమీ తినకుండా వెళ్ళిందే అని వేడి అంబలి ముంతకెత్తుకొని వెనకనే బయలుదేరింది. కూడలికి వచ్చి చూస్తే, మంచుకు తడిసి, అప్పుడే విరిచినంత పచ్చగా నేరేడు కొమ్మ లోయ వైపుకు దారి చూపుతున్నది. అత్త ఇటే వెళ్ళింది కాబోలుననుకొని ఆ అమాయకురాలు లోయలోకి దిగిపోయింది.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మి వర్షం ఆరంభమైంది. ఇల్లు చేరిన దాలమ్మకు పొయ్యి చల్లగా, గుమ్మం బోసిగా కనబడ్డాయి. నీ కోసమే అంబలి పట్టుకొని వెళ్ళిందని పొరుగామె చెప్పింది. పడుతూ లేస్తూ కూడలికి పరుగెత్తింది. అక్కడ తన చేత్తో విరిచిన కొమ్మ, నిన్నటి కొమ్మ, ఇంకా లోయ వైపే చూపుతూ పడి ఉన్నది. దానిని చూసి ఆ తల్లి గుండెలు బాదుకొన్నది.

లోయబాట పట్టి కొంత దూరం పోయేసరికి, నిన్న మోకాలి లోతున దాటిన వాగు చెట్ల మొదళ్ళను పెకలిస్తూ వస్తున్నది. ఆమె వెనుదిరిగి వచ్చి చెప్పగానే ఊరి పెద్దకాపు మనుషులను కూడగట్టుకొని కొండగట్టు మీదుగా వెదకడానికి వెళ్ళాడు. దాలమ్మ కూడా వస్తానన్నది గాని, పిల్ల ఏ బాట వెంట బయటపడినా ఈ కూడలికే రావాలి గనుక ఇక్కడ ఒకరు ఉండి తీరాలని ఆయన నచ్చజెప్పాడు. వేచి ఉండడం వెదకడం కన్నా ఎంత కష్టమో వేచినవారికే తెలుసు. పొద్దు వాలుతున్నది. వాగు హోరు పెరుగుతున్నది. వెళ్ళినవారి కేకలు కూడా వినబడడం మానివేశాయి. తన మూలంగానే ఒక తల్లి కన్నబిడ్డ, ఆ బిడ్డ కడుపులోని బిడ్డ, ఇద్దరూ ఏటిపాలవుతారేమోనన్న తలపు దాలమ్మను దహించివేసింది. ఆ కొండకు ఒక దేవత ఉన్నదని ఊరివారి నమ్మకం. ఆమెకు అప్పటికి గుడీ లేదు, పేరూ లేదు. దాలమ్మ నోటిలోని చుట్టను తీసి, నిప్పు కొస పైకి ఉండేటట్టు ఆ నల్లని రాతి మీద పెట్టి సాగిలపడింది.

“తల్లీ, నాకాడ కొబ్బరికాయ నేదు, పసుపు నేదు, ఉన్నదిదే. నా పొగ పడక నా గుంట ఎనకబడిపోనాది. ఆ పొగతోటే దాన్ని నాకు తెచ్చియ్యి. మరి జన్మలో ముట్టుకోను.”

అప్పుడు జరిగినదానికి ఆ వాన, ఆ కొండ తప్ప సాక్షులు లేరు. కుండపోతగా కురుస్తున్న వర్షంలో ఆ చుట్ట ఆరలేదు. గాలి లోయలో నుంచి ఊరివైపు వీస్తుంటే, పొగ మాత్రం గాలికి ఎదురేగి సన్నని దారంలా లోయలోకి సాగింది.

అక్కడ లోయ నడుమ, దారి తప్పి, అరిచి అరిచి గొంతు పోయి, ఒక బండ చాటున మోకాళ్ళు కౌగిలించుకొని కూర్చున్న సూరీడమ్మకు ఉన్నట్టుండి కడుపులో దేవింది. అబ్బ, ఆ వాసనే! ఇన్నాళ్ళూ తప్పించుకొని తిరిగిన ఆ వాసన కోసం ఆ పిల్ల ముక్కు చాచి లేచింది. రెండు అడుగులు వేస్తే నేల మీద ఒక పచ్చికొమ్మ, దాని కొస ఎగువకు చూపుతున్నది. తీసి వాసన చూస్తే విరిచిన చోట అత్త చుట్ట కమురు. ఆ కొమ్మను వదలబుద్ధి కాక గుండెకు హత్తుకొన్నది. మరికొంత దూరం పోతే మరొక కొమ్మ. అలా వాగు దాటనక్కరలేని, మునుపెవరూ నడిచి ఎరుగని ఒక సన్నని బాట వెంట, వాంతి వచ్చినచోట నిలిచి, కొమ్మ కనబడినచోట ఎత్తుకొని, ఆ పిల్ల మెల్లమెల్లగా పైకి వచ్చింది.

ఇంకా వెలుతురు ఉండగానే కూడలి వద్ద పొదలు కదిలాయి. చేతుల నిండా కొమ్మలతో, ఒళ్ళంతా బురదతో తన కోడలు నిలిచి ఉండడం చూసి దాలమ్మ ఒక్క ఉదుటున లేచింది. దగ్గరకు తీసుకోబోయి, తన వద్ద పొగ వాసన వస్తుందేమోనని ఆగిపోయింది. సూరీడమ్మే వచ్చి ఆ భుజం మీద తల వాల్చింది. ఇన్ని కొమ్మలు వేశావు, ఎదురుగా రాలేదేమని ఆ పిల్ల అడిగితే, దాలమ్మ ఆ కొమ్మలను చేతిలోకి తీసుకొని చూసింది. అవన్నీ కొండశిఖరాన తప్ప మరెక్కడా పుట్టని అడవి సంపెంగ కొమ్మలు. తాను ఈ రాతి వద్ద నుంచి కదలనేలేదు. అవి ఎవరు విరిచారో ఆ ముసలామెకు అర్థమైంది. రెండు చేతులూ ఎత్తి శిఖరానికి మొక్కింది. తరువాత కోడలి తల నిమురుతూ ఏడ్చింది.

“ఎనకొచ్చినోలే కొమ్మెత్తాలమ్మా. నీకు నాను సెప్పనేదు.”

“సెప్పకపోయినా ఎత్తీసినాను గదా అత్తా,” అన్నది సూరీడమ్మ.

ఆనాటి నుంచి ఆ శిఖరదేవతకు కొమ్మలమ్మ అని పేరు వచ్చింది, పెదలోవ కొమ్మలలోవ అయింది. దాలమ్మ మాట తప్పలేదు, మరల చుట్ట ముట్టలేదు. అయితే చుట్ట లేని ఆ నోరు ఊరికే నములుతూ ఉండడం చూసి సూరీడమ్మ ప్రాణం ఉసూరుమన్నది. కాన్పయి, వేవిళ్ళ మాట మరుగున పడిన తరువాత, ఆమె ప్రతి సాయంకాలం బిడ్డను చంకన వేసుకొని, అత్తను చేయిపట్టి కూడలికి నడిపించి, తానే స్వయంగా ఒక చుట్ట వెలిగించి అమ్మవారికని రాతి మీద పెట్టేది. అత్త పక్కన కూర్చొని ఆ పొగను తృప్తిగా పీల్చుకొనేది. ముట్టుకోనన్నది గాని వాసన చూడనని మొక్కుకోలేదు గదా! అమ్మవారికీ అది సమ్మతమే అయి ఉంటుంది.

ఇప్పుడు ఆ కొండబాటలను నడవడానికి వీపున సంచులు, కాళ్ళకు బూట్లు వేసుకొని పట్నం నుంచి జనం వస్తున్నారు. బండల మీద రంగుతో బాణం గుర్తులు కూడా వేశారు. అయినా కూడలిలో నల్లరాయి మీద, ఏ వానకూ కడుక్కుపోని కాలిన మచ్చ నేటికీ కనబడుతుంది. సూరీడమ్మ నడిచి వచ్చిన ఆ సన్నని బాటను కోడలిబాట అంటారు. కొబ్బరికాయ తెచ్చినవారు తెస్తారు గాని తల్లికి మొదటి నైవేద్యం వెలిగించిన చుట్టే. అది చూసి నవ్వినవారు కూడా మంచు దిగితే బుద్ధిగా కొమ్మ విరిచి పెడతారు. ఏటేటా తొలకరికి జరిగే పండుగనాడు ఊరు ఊరంతా బాటలు చుట్టి వస్తుంది. ఆ ఏడు కాపురానికి వచ్చిన కొత్తకోడలు అందరికన్నా వెనక నడుస్తూ కొమ్మలన్నీ ఎత్తుకొని వస్తుంది. అంతవరకు అత్త రాతి వద్దే కూర్చొని ఎదురుచూడాలి, ఎవ్వరూ ఇల్లు చేరరాదు.

వేరే ఊళ్ళలో సాయంకాలం మనిషి ఎదురైతే అన్నం తిన్నావా అని అడుగుతారు. కొమ్మలలోవలో మాత్రం, పొలం నుంచి వచ్చినా, పట్నం నుంచి వచ్చినా, గుమ్మంలో నిలిచిన తల్లులు నేటికీ అడిగే మాట ఒక్కటే.

“కొమ్మెత్తావా?”