అప్పడాల విందు

సోమయాజులుగారిని ఎవరు ఏ సందేహం అడిగినా ముందు "భోంచేశావా?" అనేవారు. ఏళ్ల తరబడి వైద్యవిద్యార్థులకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. జవాబు చెప్పడం కన్నా అన్నం పెట్టడం ఆయనకు సులువు.

ఓ ఆదివారం శిష్యుడు విఠల్ వచ్చాడు. మొహం ఆముదం తాగినట్టుంది. అతను ప్రిన్సిపాల్‌గా ఉన్న ప్రైవేటు మెడికల్ కాలేజీ గేటు మీద "బోధనే మా ప్రాణం" అని బంగారు అక్షరాలు మెరుస్తుంటాయి. పెట్టించింది అతనే. లోపల క్లాసుల్లో పిల్లలుంటారు గానీ చెప్పేవాళ్లుండరు. ప్రొఫెసర్లంతా ఆపరేషన్ థియేటర్లలోనో, స్కానింగ్ గదుల్లోనో ఊపిరాడనంత పనిలో ఉంటారు. మొన్నటి పరీక్షలో గుండె చప్పుడు ఎక్కడ వినాలని అడిగితే ఒక కుర్రాడు "స్కాన్ రాస్తానండి" అన్నాడట. ఇంకోసారి ఇలాగే జరిగితే కాలేజీ గుర్తింపు పోతుంది. ఆ పిల్లల చదువు గంగలో కలుస్తుంది. విఠల్‌కి నిజంగానే భయం పట్టుకుంది.

"వీళ్లకి పాఠం మీద భక్తి లేదండీ గురువుగారూ. రేపే నలుగుర్ని పీకేద్దామనుకుంటున్నాను. తప్పంటారా?"

"వాళ్ల జీతాల బడ్జెట్ ఎలా వేశావు?"

"జీతం కాక ఆపరేషన్‌కింత, స్కాన్‌కింత అని వాటా ఇస్తున్నామండీ. అలాగని పాఠం చెప్పేవాళ్లకి లోటు చెయ్యలేదు. ఏటా సభ పెట్టి శాలువా కప్పుతున్నాం."

గురువుగారు "భోంచేసి వెళుదువుగాని" అని వంటింట్లోకి వెళ్లి, వంటమనిషి మాణిక్యమ్మతో ఏదో చెప్పి వచ్చారు. ఆ తర్వాత గంటన్నర లోకాభిరామాయణం. విఠల్ కడుపులో ఎలుకలు పరిగెత్తాయి.

ఎట్టకేలకు ఆకు వేశారు. మాణిక్యమ్మ ఒక అప్పడం వడ్డించింది. ఇంకొకటి వడ్డించింది. ఆ తర్వాత పళ్లెం ఎత్తి బోర్లించింది. ఆకు కనపడటం మానేసింది. విఠల్ మర్యాదగా నాలుగు నమిలి, అన్నం కోసం చూసి చూసి, ఆఖరికి సిగ్గు విడిచి అడిగాడు.

"బియ్యం కడిగే తీరికేదీ బాబూ?" అంది మాణిక్యమ్మ చెమట తుడుచుకుంటూ. "అప్పడానికి ఇంత అని డబ్బులిస్తానన్నారు అయ్యగారు. అన్నం వండితే గిన్నెకి దండేస్తారంట. ముందే వేసేశారు కూడానూ."

విఠల్ తొంగి చూశాడు. పొయ్యి పక్కన ఖాళీ గిన్నె, దాని మెడలో బంతిపూల దండ. మూకుడులో ఇంకా అప్పడాలు పొంగుతూనే ఉన్నాయి. ఆకలికి అతని పెద్దరికం కాస్తా ఎగిరిపోయింది.

"అన్నం వండని వంటమనిషి ఎందుకండీ? ఈ పూటే పంపించెయ్యండి!"

సోమయాజులుగారు ఓ అప్పడం తీసి కరకరలాడించారు.

"పంపించేస్తానోయ్. రేపు వచ్చే ఆవిడ కూడా అప్పడాలు బాగానే వేయిస్తుంది."