ఒక్క చిల్లుకు మూడు అడ్వాన్సులు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలోనూ అద్దె ఇళ్లు ఉండేవి పిల్లలూ, నవ్వకండి. అక్కడి ఇప్పచెట్టు తొర్ర ఒక ఉడుముది. అందులో ఎవరు దిగినా ముందుగా ముప్పై బాదంకాయలు అడ్వాన్సు ఇవ్వాలి. ఖాళీ చేసిన రోజు తిరిగి ఇచ్చేస్తానని ఉడుము తియ్యగా చెప్పేవాడు. తీసుకునేదాకే ఆ తీపి. ఇవ్వాల్సి వస్తే మాత్రం ఉడుంపట్టే.

పున్నమ్మ అనే ఉడుత ఆ తొర్రలో ఏడాది ఉంది. అద్దె ఒక్క నెల కూడా తప్పలేదు. ఇద్దరు పిల్లలు పుట్టాక చోటు చాలక ఖాళీ చేసింది. వాగు పక్కన పెద్ద తొర్ర చూసుకుంది గానీ, అక్కడా ముప్పై కాయలు ముందే ఇవ్వాలి. ఉడుము దగ్గరున్నవి వస్తే అవే ఇద్దామనుకుంది. అంతవరకు పిల్లలతో ఒక చింతకొమ్మ మీద ఉంది. వానాకాలం నెత్తిమీదికి వచ్చేసింది పాపం.

మొదటిరోజు వెళ్లి అడిగింది.

"రేపు చూద్దాంలే అమ్మా," అన్నాడు ఉడుము.

రెండోరోజు వెళ్లింది.

"తొర్ర శుభ్రం చేయించాలి కదమ్మా. ఆ ఖర్చు తేలనీ," అన్నాడు.

పున్నమ్మ తొర్రను అలికి మరీ ఖాళీ చేసింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. మొహమాటపడి మింగేసింది.

మూడోరోజు ఉడుము గుమ్మం పక్కనున్న చిల్లు చూపించాడు.

"ఇంత చిల్లు చేశావు. నీ కాయలు దీనికే సరిపోయాయి," అన్నాడు.

"నేను దిగేనాటికే అది ఉంది బాబాయ్."

"ఎవరు చూశారు?"

పున్నమ్మ వెనక్కి తిరిగింది. కొమ్మ మీదికి వచ్చి కూర్చుని ఏడ్చింది. పై కొమ్మ మీది మైనా కిందికి దిగింది.

"ఏమైంది వదినా?" అని అడిగింది.

చెప్పుకోవడానికి పున్నమ్మకు సిగ్గేసింది. అయినా పిల్లల్ని చూసి అంతా చెప్పేసింది.

మైనా ఇంకాస్త దగ్గరికి జరిగింది. "నీకంటే ముందు ఆ తొర్రలో ఉన్నది నేనే. నా ముప్పై కాయలూ ఆ చిల్లుకే పోయాయి. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు," అంది.

ఇద్దరూ కలిసి, మైనాకంటే ముందు అక్కడున్న వడ్రంగిపిట్టను అడిగారు.

"చిల్లు పొడిచింది నేనే. తప్పు నాది గనుక నా కాయలు వదిలేసుకున్నాను. వాటితో పూడ్పిస్తానన్నాడే," అంది అది.

ముగ్గురూ ఇప్పచెట్టు దగ్గరికి వెళ్లారు. అప్పుడే ఒక చిలకమ్మ తొర్ర అద్దెకు చూసుకోవడానికి వచ్చి ఉంది. ఉడుము వాళ్లను చూసి కంగారుపడ్డాడు. పున్నమ్మను పక్కకు పిలిచాడు.

"నీకొక్కదానికి సగం ఇస్తాను. గొడవెందుకు, తీసుకుని వెళ్లిపో," అని గొణిగాడు.

మబ్బు ఉరిమింది. కొమ్మ మీది పిల్లలు గుర్తొచ్చారు. సగమైనా చాలనిపించింది పున్నమ్మకు. తనలాగే ఇన్నాళ్లూ నోరు మూసుకున్న మైనా వైపు చూసింది. ఇక గొంతు తగ్గించలేదు.

"సగం వద్దు బాబాయ్. నా ముప్పై నాకియ్యి, మైనా ముప్పై మైనాకియ్యి. చిల్లు పొడిచినవాళ్లు దానికి కాయలు ఎప్పుడో ఇచ్చేశారు," అంది.

"అవును, ఇచ్చాను," అంది వడ్రంగిపిట్ట.

చిలకమ్మ తన కాయల మూట మళ్లీ రెక్క కింద పెట్టుకుంది.

"అయితే ఈ చిల్లుకు నాలుగో అడ్వాన్సు నాదన్నమాట. నాకీ తొర్ర వద్దు," అంటూ ఎగిరిపోయింది.

చుట్టుపక్కల చెట్లన్నీ వింటున్నాయి. ఇక ఈ తొర్ర గడప ఎవరూ తొక్కరని ఉడుముకు అర్థమైంది. తల దించుకుని అరవై కాయలూ తెచ్చి ఇచ్చాడు.

వాన మొదలయ్యేసరికి పున్నమ్మ పిల్లలు వాగు పక్కన కొత్త తొర్రలో వెచ్చగా ఉన్నారు. ఉడుము మాత్రం తడుస్తూ, ఎప్పుడో పూడ్చాల్సిన చిల్లుకు మట్టి మెత్తుతున్నాడు.

నీతి: మనకు రావలసింది అడగడానికి సిగ్గుపడకూడదు. ఒంటరిగా అడిగితే రానిది, నలుగురితో చెప్పుకుని అడిగితే వస్తుంది.