పైడమ్మ బొమ్మ ఆరనేదు

ఊరికంటే ముందు కొండ, కొండకంటే ముందు మంచు ఉండేదని చెప్పుకునే కాలం. కొండ మీద పాత కోట. కొండ కింద గానుగ ఆడించుకునే పైడమ్మ. తుఫాను వచ్చినప్పుడల్లా ఊరంతా ఆ కోటలోనే తలదాచుకునేది. పైడమ్మ పుట్టింది కూడా ఒక తుఫాను నాడు, అందులోనే.

ఒకనాడు రాజుగారికి కొత్త మేడ మీద మోజు పుట్టింది. కోట పడగొట్టి రాళ్లు తెమ్మన్నాడు. ఊరు గొల్లుమంది. పైడమ్మకు కడుపు మండింది. తిన్నగా రాజు దగ్గరికే పోయింది.

"బాబూ, కోటెలాగూ పోద్ది. దాని బొమ్మొకటి ఏసుకుంటాను. అది ఆరిందాకా ఆగండి."

రాజు నవ్వాడు. ఆయన ఎరిగినవి జిగురు రంగులు. పొద్దున వేస్తే మధ్యాహ్నానికి ఆరిపోతాయి. "సరే, ఆరేదాకా ఒక్క రాయీ కదపం" అని నలుగురిలో మాట ఇచ్చేశాడు.

పైడమ్మ అవిసె నూనె తీసింది. కావి కలిపి తన గానుగ గోడ మీద బురుజులు వేసింది. కాటుక కలిపి గుమ్మం వేసింది. సున్నం కలిపి మంచు వేసింది. ఆ మంచు చూసినవాళ్లు కొంగులు కప్పుకున్నారు.

మధ్యాహ్నం రాజుగారి బంటు వచ్చాడు. "ఆరిందా?"

"ఆరనేదు బాబూ, నూనె కదా."

వారం పోయాక వచ్చాడు. "ఆరిందా?"

"ఆరనేదు బాబూ, నూనె కదా."

నెల పోయాక వచ్చాడు. అప్పటికి పైడమ్మ పైన మరో పూత పూస్తోంది. "ఇయాల మంచు మారింది బాబూ. ఆరనేదు."

మరి మంచన్నాక రోజూ మారదూ? అలా ఏళ్లు గడిచాయి. పైడమ్మ ముసలిదై, ఒక చలికాలం కన్నుమూసింది.

ఇక ఆరిపోయి ఉంటుందని రాజు తానే గునపాలవాళ్లతో వచ్చాడు. బొమ్మ మీద వేలు పెట్టాడు. వేలికి తడి అంటింది. తలెత్తి చూస్తే ఊరి ఆడవాళ్లంతా చేతులు కొంగుల్లో దాచుకుని నిలబడ్డారు. ఒక్క కొంగూ జిడ్డు లేకుండా లేదు.

రాజుకు అర్థం కాకపోలేదు. బొమ్మలో కోటను చూశాడు, కొండ మీది కోటను చూశాడు. ఇంత అందమైనది తన ఏలుబడిలో ఉందా అని ఆయన ఛాతీ కూడా పొంగింది.

"ఆరలేదు. పదండి" అన్నాడు.

ఆ మేడ కట్టనేలేదు. ఇప్పటికీ అక్కడ వారానికో ఇంటివాళ్లు వంతు వేసుకుని ఆ బొమ్మకు అవిసె నూనె రాస్తారు. కోట ఏ రాజుదని పైఊరివాళ్లు అడిగితే, ఏ రాజు పేరూ చెప్పరు.

"పైడమ్మది. బొమ్మ ఇంకా ఆరనేదు" అంటారు.