గాజులు సవరించకముందే

ఈ కథలో ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెబుతానేమో తెలియదు. జరిగింది మాత్రం ఇదే.

తెనాలిలో కోటిలింగం అనే ప్రాంప్టర్ ఉండేవాడు. ఎదుటివాళ్ళు మాట మధ్యలో ఊపిరి తీసుకున్నా, మరిచిపోయారనుకుని తానే ఆ మాట అందించేసేవాడు. నాటకాల్లో తెర పక్కన పుస్తకం పట్టుకుని నిలబడి, నటులు మరిచిన మాట అందించడం అతని పని. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. భార్య "ఇవాళ కూరలోకి..." అని ఆగితే "వంకాయ" అనేసేవాడు. ఆవిడ కావాలని దొండకాయ వండేది.

అతను ముప్పై ఏళ్ళు మాట అందించిన వాళ్ళలో కరెంటాఫీసు ఉద్యోగి ఒకరు ఉండేవారు. రాజు వేషానికి మిగతావాళ్ళు మీసం అతికించుకుంటే, ఈ ఒక్కరికే సొంత మీసం ఉండేది. రిటైరయ్యాక, అరవై ఒకటో ఏట, ఆ మీసం తీసేసి, "నేను చిన్నప్పటినుంచీ ఆడదాన్నే. చెప్పే ధైర్యమే ఇన్నాళ్ళూ లేకపోయింది" అని అందరికీ చెప్పింది. హైదరాబాదులో వైద్యం చేయించుకుని, శేషారత్నం అని పేరు పెట్టుకుని, చీర కట్టుకుని తిరిగి వచ్చింది. అక్క సుందరమ్మ ఆమె మొహం మీదే తలుపు వేసింది. నాలుగేళ్ళు మాటల్లేవు.

ఆ నాలుగేళ్ళలో శేషారత్నం తన కథనే గంటసేపటి ఏకపాత్రగా రాసుకుంది. ఆ పుస్తకం తీసుకుని కోటిలింగం ఇంటికి వెళ్ళింది.

"ఏరా..." అని నాలుక కరుచుకున్నాడు కోటిలింగం. "ఇప్పుడు ఏమండీ అనాలా?"

"అంత మర్యాద నీకు అలవాటు లేదులే. రత్నం అను, చాలు. నువ్వు తెర పక్కన ఉండాలి. కానీ ఒక్క షరతు. నేను ఆగితే ఆగనీ. గాజులు సవరించుకుంటేనే మాట అందించు."

"ముప్పై ఏళ్ళ అనుభవం నాది. నాకు చెప్పాలా?" అన్నాడు.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. శేషారత్నం పంపిన కార్డు పట్టుకుని సుందరమ్మ ఆటోలో ఒక్కతే వచ్చింది. "నచ్చకపోతే లేచి వెళ్ళిపోతాను" అని గుమ్మం దగ్గరే చెప్పి, మొదటి వరసలో కూర్చుంది.

రంగం మీద ఒక కుర్చీ, ఒక అద్దం. అక్క పట్టుపరికిణీ దొంగతనంగా కట్టుకుని దెబ్బలు తిన్న రోజు గురించి శేషారత్నం చెప్పింది. తన మీసాన్ని ఊరంతా మెచ్చుకుంటుంటే, ఇంట్లో అద్దం మీద తువ్వాలు కప్పేసిన సంగతి చెప్పింది. మధ్యమధ్య నవ్వించింది. చివరికి రంగం అంచుదాకా వచ్చి, "అక్కా, ఇప్పుడు నన్ను ఏమని పిలుస్తావు?" అని అడిగింది.

అడిగి ఆగింది.

గాజులు కదల్లేదు. కోటిలింగానికి చెమటలు పట్టాయి. రత్నం మరిచిపోయింది, పరువు పోతోంది అనుకున్నాడు. పుస్తకంలో చూస్తే అక్కడ ఖాళీ ఉంది. దానితో ఇంకా కంగారుపడి, నోటికి అలవాటైన పాత పేరు గట్టిగా అందించేశాడు.

వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు. హాలంతా నవ్వులు. సుందరమ్మ లేచి నిలబడింది. శేషారత్నం ముఖం వాడిపోయింది. నాలుగేళ్ళకు వచ్చిన అక్క తన మూలంగా వెళ్ళిపోతోందని కోటిలింగానికి అర్థమైంది. పుస్తకం మూసేశాడు.

సుందరమ్మ వెళ్ళలేదు.

"చెల్లీ అని పిలుస్తాను" అంది. "ముందు ఆ తెర పక్కనున్నాయన్ని కాస్త ఊరుకోమను. నువ్వు చెప్పేది వినపడట్లేదు."

తెర పడ్డాక కోటిలింగం తల వంచుకుని వచ్చాడు. "మరిచిపోయావనుకున్నాను."

"మరిచిపోలేదు. అక్క కోసం ఆగాను."

"మరి పుస్తకంలో ఖాళీ వదిలావేం?"

"అక్క అనాల్సిన మాట నేనెలా రాస్తాను?"

"తప్పయిపోయింది, రత్నం" అన్నాడు. ఆ పేరు అతని నోట రావడం అదే మొదలు.

మర్నాడు భార్య "ఇవాళ కూరలోకి..." అని ఆగింది. కోటిలింగం కూడా ఆగాడు. ఆవిడ కాసేపు చూసి, "ఒంట్లో బాగా లేదా?" అని అడిగింది.

మాట మధ్యలో ఆగిన మనిషి మరిచిపోయినట్టు కాదు. ఎవరినైనా తామెవరో తమ నోటితోనే చెప్పనివ్వాలి, మనం ఓపికగా వినాలి.

వాసంతీ, నువ్వు టైపు కొట్టినదాంట్లో పేర్లు సరిగ్గా పడ్డాయో లేదో ఒకసారి చూసిపెట్టమ్మా. శేషారత్నం పాత పేరు మాత్రం నేను మరిచిపోయి వదిలెయ్యలేదు. నువ్వు రాసెయ్యకు.